ఎనభైకి ఒకటి తక్కువ

నేను వైర్లను నమ్ముకుని బతికేవాణ్ణి. లైటు వెలగకపోతే ఎక్కడో తీగ తెగిందని, ఫోను మోగకపోతే ఎక్కడో ఎవరో తప్పు చేశారని పదహారేళ్ళుగా నమ్ముతున్నాను. దెయ్యాన్ని చూశామని చెప్పేవాళ్ళు దొరికితే నాకు పండగే. ఎన్ని గంటలకు, ఎంత దూరంలో, ఆ రోజు మందు తాగారా లేదా అని అడిగి అడిగి, వాళ్ళే విసుక్కుని లేచిపోయేదాకా వదలను. మా ఆవిడ దీన్ని నా దుర్గుణాల్లో ఒకటిగా లెక్కేస్తుంది.

ఇప్పుడు నేనే ఇది రాస్తున్నాను కాబట్టి, ఆ ప్రశ్నలన్నీ ముందు నన్ను నేనే వేసుకున్నాను. జరిగింది పట్టపగలు. తాగలేదు, నాకు అలవాటు లేదు. దూరం చెయ్యి చాపినంత. ఇందులో తెల్లచీర లేదు, వెనకనుంచి పిలిచిన గొంతు లేదు. ఉన్నది ఒక రాయి, దాని మీద రెండు అంకెలు. అంతే. ఆ రెండు అంకెలూ నన్ను ఇప్పటికీ స్థిమితంగా ఉండనివ్వడం లేదు.

మాది భద్రాచలం పక్క. పని కోసం రాష్ట్రం దాటి సుక్మా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఫోన్లు, కంప్యూటర్లు చూసుకుంటాను. ఆసుపత్రి పేరు, ఊళ్ళ పేర్లు రాయను. చింతలనార్ దారిలో అని మాత్రం చెప్తాను.

ఆ వైపు సెల్‌ఫోను సిగ్నలు వానాకాలం వస్తే పోతుంది. అందుకని మా ఆసుపత్రి సొంతంగా చిన్న చిన్న టవర్లు వేసుకుంది. పెద్ద ఊరి దవాఖానాల్లో మామూలు ఫోన్లు కూడా ఉంటాయి. వాగుల అవతల ఉన్న చిన్న ఆరోగ్య పోస్టుల్లో మాత్రం గోడకి ఎర్ర ఫోను ఒక్కటే. దానికి అంకెలు ఉండవు, గంట ఉండదు. ఎత్తితే చాలు, నేరుగా ఆసుపత్రిలో మోగుతుంది. చదువు రాని వాళ్ళు కూడా ఆపదలో ఎత్తగలగాలని అలా పెట్టారు. ఎత్తారంటే అంబులెన్సు కావాలని అర్థం.

ఈ ఫోన్లన్నీ నడిచేది ఒక పెట్టె మీద. రికార్డు గదిలో, ఇంట్లో పోపుల డబ్బా అంత ఉంటుంది. ఏ ఫోను ఎత్తితే ఎక్కడ మోగాలో దానికి చెప్పాలంటే కంప్యూటర్లో బ్రౌజరు తెరిచి, ఆ పెట్టె చిరునామా అంకెల్లో కొట్టాలి. అప్పుడు దాని పేజీ వస్తుంది. మార్పులన్నీ ఆ పేజీలోనే. పేజీ రాకపోతే ఆ పెట్టె ముందు మనం ఎంత మొత్తుకున్నా ఒకటే.

ఆ పెట్టెను మొదట పెట్టింది, నాకు పని నేర్పింది ముత్తన్న. దోర్ల తెగ మనిషి. తెలుగు, గోండి, హల్బీ, హిందీ నాలుగూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడేవాడు. ఎర్ర ఫోన్లన్నీ అప్పట్లో ఆయన బల్ల మీదే మోగేవి. ఆయనే డ్రైవర్ని లేపేవాడు. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో నా హిందీ చూసి ఆయన నవ్వని రోజు లేదు. ముఖ్యంగా అంకెలు. వందదాకా హిందీ అంకెలు నేర్చుకున్నానని గొప్ప చెప్పుకునేవాణ్ణి కానీ తొమ్మిదితో ముగిసేవన్నీ నాకు తికమకే.

ఒకసారి ఉన్‌సఠ్ మీటర్ల తీగ కోసుకు రమ్మన్నాడు. సాఠ్ అంటే అరవై కదా, ఉన్‌సఠ్ అంటే అరవై తొమ్మిది అనుకుని అంత కోశాను. పది మీటర్లు ఎక్కువైంది. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఏంది తమ్మీ ఇది? ఉన్ అంటే ఒకటి తక్కువ. అరవైకి ఒకటి తక్కువ. యాభై తొమ్మిది. ఎప్పుడొస్తది నీకు?"

ఆ మిగిలిన పది మీటర్ల చుట్ట రికార్డు గదిలో మేకుకి ఇంకా వేలాడుతూనే ఉంది. ఎవరు అడిగినా ముత్తన్న ఆ కథ చెప్పేవాడు.

మూడేళ్ళ కిందట ముత్తన్న కామెర్లతో చనిపోయాడు. వాళ్ళ ఆచారం ప్రకారం ఊరి ముందు రోడ్డు పక్కన ఆయన పేరిట రాయి నిలబెట్టారు. ఇటు వైపు తిరిగినవాళ్ళకు ఆ రాళ్ళు తెలుసు. మనిషెత్తు రాళ్ళు, వాటి మీద రంగుల బొమ్మలు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి గీయిస్తారు. కోడిపుంజు, మోటారు సైకిలు, ఒక్కోసారి విమానం కూడా. రాయి పండగకు రమ్మని ముత్తన్న భార్య కన్నమ్మ వదిన కబురు పంపింది. నేను పోలేదు. జగదల్‌పూర్‌లో పని ఉందని చెప్పాను. పని ఉన్నమాట నిజమే కానీ మానుకోలేని పనేం కాదు. ఆయన లేని ఊరికి పోవాలంటే కాళ్ళు రాలేదు. ఆ తర్వాత ఆ దారిన పోయిన ప్రతిసారీ ఆ రాయి వైపు చూడకుండా బండి పోనిచ్చేవాణ్ణి.

మొన్నటి వానాకాలం. ఆసుపత్రి మీద పిడుగు పడింది. పెట్టె మాడిపోయింది. రిసెప్షన్ కంప్యూటరు పోయింది, వైఫై పోయింది. మా దగ్గర అదనపు పెట్టె ఒకటి ఉంటే దాన్ని పెట్టి, పాత పెట్టెలోని వివరాల కాపీని అందులో ఎక్కించాను. ఆసుపత్రి లోపల ఫోన్లు మోగాయి. అందరూ శభాష్ అన్నారు. నేనూ ఉబ్బిపోయాను. మర్నాడు పొద్దున్నే, పిడుగు దెబ్బకే చెడిన టవరును బాగు చేయడానికి లాప్‌టాప్ పట్టుకుని మోటారు సైకిలు మీద ముత్తన్న ఊరికి వచ్చాను. ఆ టవరు మీదే వాగు అవతలి పోస్టు ఆధారపడి ఉంది.

టవరు పది గంటలకల్లా అయిపోయింది. పరీక్షగా ఆ ఊరి దవాఖానాలోని ఎర్ర ఫోను ఎత్తాను. మోగలేదు. ఆ నంబరు లేదని చెప్పే కూత ఒకటి వచ్చి ఆగిపోయింది.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. నేను ఎక్కించిన కాపీ పాతది. ముత్తన్న బతికున్ననాటిది. అందులో ఎర్ర ఫోన్లన్నీ ముత్తన్న బల్ల మీది ఫోనుకే పోతాయి. ఆ బల్ల లేదు, ఆ ఫోను లేదు, ఆయనా లేడు. అంటే ఆ పొద్దున ఏ ఊళ్ళో ఎవరు ఆపదలో ఎర్ర ఫోను ఎత్తినా, అది చనిపోయిన మనిషిని వెతుక్కుంటూ పోయి అక్కడే ఆగిపోతోంది. ఈ సంగతి ఎత్తినవాళ్ళకు తెలియదు. ఆసుపత్రికీ తెలియదు.

అయినా ధైర్యంగానే ఉన్నాను. పేజీ తెరిచి, ఎర్ర ఫోన్లను రిసెప్షన్‌కి తిప్పితే సరిపోతుంది. రెండు నిమిషాల పని.

నేను లాప్‌టాప్ తెరిచేసరికి కన్నమ్మ వదిన వచ్చింది. నేను వచ్చానని ఎవరో చెప్పారట. రాయి పండగకు రాలేదేమని ఒక్కమాట అనలేదు. తలుపు దగ్గరే నిలబడి, కొంగుతో తడిసిన తల తుడుచుకుంటూ అడిగింది.

"తమ్మీ, వాగు అవతల ఫోను మంచిగ పని చేస్తదా? మా సమ్మక్కకు నెలలు నిండినయ్. కాళ్ళు వాచినయ్, బీపీ ఉందన్నరు. నొప్పులొస్తే ఫోను ఎత్తమన్నరు. అల్లుడికి అదొక్కటే ఎరుక."

సమ్మక్క ముత్తన్న ఒక్కగానొక్క కూతురు. అత్తగారి ఊరు వాగు అవతల, ఆ చిన్న పోస్టు ఉన్న ఊరే. పైన వాన ఆగడం లేదు. వాగు పొంగితే ఆ ఊరికి బండి పోదు.

"పది నిమిషాలు, వదినా. అయిపోతది" అన్నాను. ఆ రోజు ఆ మాట ఎన్నిసార్లు అన్నానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పాత చిరునామా కొట్టాను. పేజీ వచ్చింది, కానీ పెట్టెది కాదు, గేటు దగ్గర కెమెరాది. ముత్తన్న పోయాక పెట్టె చిరునామా మార్చి, పాతదాన్ని ఆ కెమెరాకి ఇచ్చింది నేనే. పాత కాపీ ఎక్కించడంతో పెట్టె మళ్ళీ పాత చిరునామాకే వచ్చి కూర్చుంది. ఇద్దరు ఒకే ఇంటి నంబరు రాసుకున్నట్టయింది. మనం పిలిస్తే కెమెరా పలుకుతోంది. పెట్టెకి కొత్త చిరునామా ఇవ్వాలి, మాడిపోయినదాని అంకె మళ్ళీ వాడం. నా నోటుబుక్కులో ఏ వస్తువుకి ఏ అంకె ఇచ్చామో జాబితా ఉంది. చివరి అంకె ఎనభై ఎనిమిది. కాబట్టి దీనికి ఎనభై తొమ్మిది. నేను ఏరి కోరి పెట్టుకున్నది కాదు, వరసలో వచ్చింది.

ఈ చిరునామా పేజీకి మాత్రమే. ఫోన్లకు వేరే తీగ ఉంది కాబట్టి మామూలు ఫోన్లు పని చేస్తూనే ఉన్నాయి. దవాఖానా ఫోను నుంచి ఆసుపత్రిలో సరితా దీదీకి చేశాను. రికార్డులు చూసుకునే ఆవిడ, జగదల్‌పూర్ మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. పెట్టెకి తగిలించిన కీబోర్డు ముందు కూర్చోబెట్టి ఒక్కొక్కటే హిందీలో చెప్పాను. మొదటి మూడు అంకెలు మామూలువే. ఆఖరిది చెప్పాను.

"ఉన్యాసీ, దీదీ."

"ఉన్యాసీ. డాల్ దియా" అంది, వేశానని.

బ్రౌజర్లో ఎనభై తొమ్మిది కొట్టాను. చక్రం తిరిగింది, తిరిగింది, పేజీ దొరకలేదని వచ్చింది. మళ్ళీ కొట్టాను. అదే.

మిగతాది చదివేవాళ్ళకు విసుగు కాబట్టి కుదిస్తాను. కానీ నేను చేతగానివాణ్ణని అనుకోకూడదు కాబట్టి కొంతైనా చెప్పాలి. చిరునామా ముందు భద్రత గుర్తు ఉన్నదీ లేనిదీ రెండు రకాలా కొట్టాను. బ్రౌజరు పాత జ్ఞాపకాలన్నీ తుడిచాను. ఇంకో బ్రౌజరు పెట్టాను. లాప్‌టాప్ ఆపి మళ్ళీ వెలిగించాను. టవరెక్కి తీగ ఊడదీసి మళ్ళీ బిగించాను. దీదీతో పెట్టె వెనక తీగ మార్పించాను, పెట్టెను రెండుసార్లు ఆపించి వెలిగించాను. ఆ చిరునామాకి ఊరికే పలకరింపు పంపి చూశాను, పలకలేదు. కెమెరా పలుకుతోంది, టవర్లు పలుకుతున్నాయి, అదొక్కటే పలకదు.

మధ్యమధ్యలో దీదీని అడుగుతూనే ఉన్నాను. "దీదీ, తెర మీద ఏముందో ఒకసారి చదువు." ఆవిడ ఓపిగ్గా చదివేది. "ఉన్యాసీ హై భయ్యా. ఉన్యాసీ." సరిగ్గానే ఉంది కదా అని నేను మళ్ళీ తీగల మీద పడేవాణ్ణి.

మధ్యాహ్నమైంది. వదిన గడప దగ్గరే కూర్చుంది. నా మొహం చూస్తుంది. ఆ చూపు నన్ను కూర్చోనివ్వలేదు. లేచి వరండాలో తిరుగుతాను, వచ్చి మీటలు కొడతాను, మళ్ళీ లేస్తాను. నర్సు అన్నం తినమంటే విసుక్కున్నాను. వదిన తన మరిదిని వాగు దాకా పంపి, నీళ్ళు ఎంత ఉన్నాయో చూసి రమ్మంది. చీలమండల దాకా వచ్చాయని, పెరుగుతున్నాయని అతను వచ్చి చెప్పాడు. వాగు దాటి పోస్టుకి నడిచి పోవాలంటే అక్కణ్ణుంచి ఇంకా రెండు గంటలు.

"నేను పోయి నా బిడ్డను చూసుకుంట తమ్మీ" అంది వదిన లేచి.

"ఆగు వదినా, పది నిమిషాలు." మళ్ళీ అదే మాట. ఆవిడ కూర్చుంది. నా మాట మీద నమ్మకంతో కూర్చుంది.

మధ్యాహ్నం రెండు దాటాక ఇక నా వల్ల కాదనిపించింది. ఆసుపత్రికే పోయి, లాప్‌టాప్‌ని నేరుగా పెట్టెకి తగిలించాలి. వానలో, మధ్యలో పోలీసు క్యాంపు దగ్గర తనిఖీకి ఆగి, రెండున్నర గంటలు పడుతుంది. వేరే దారి లేదు. లాప్‌టాప్ తర్వాత సర్దుకోవచ్చని అలాగే ఉంచి, ముందు బండి తీయడానికి వాన కోటు వేసుకుని బయటికి వచ్చాను.

పొద్దున వానలో తల వంచుకుని వచ్చి బండిని రోడ్డు పక్కన ఒక రేకుల పందిరి కిందికి తోసి పెట్టాను. ఎక్కడ పెట్టానో అప్పుడు చూసుకోలేదు. ఆ పందిరి ముత్తన్న రాయి మీద ఎండావానా పడకుండా వేసింది. నా బండి హ్యాండిలు ఆ రాయికి ఆనుకుని ఉంది. చూడకుండా పోవడానికి లేదు.

రెండేళ్ళలో మొదటిసారి చూశాను. నీలం రంగు రాయి. పైన సూర్యుడు, చంద్రుడు. ఒక పక్క టవరు, మోటారు సైకిలు, కోడిపుంజు. మధ్యలో పెద్దగా ఎర్ర ఫోను, చుట్టలు తిరిగిన తీగతో. ఫోను ఒంటి మీద నల్ల రంగుతో అంకెలు. 89 అని రాసి, దాని మీద ఎర్రగా అడ్డంగా ఒక గీత కొట్టి ఉంది. దాని కింద 79.

ముందు నాకు కోపం వచ్చింది. నా చిరునామా అంకె ఇక్కడ ఎవరు రాశారు, ఎవరు కొట్టేశారు అని. నిజంగా ఆ క్షణం అలాగే అనిపించింది, ఎవరో నా నోటుబుక్కు చూసి వేళాకోళం చేశారని. ఆ తర్వాతే రంగు చూశాను. ఎండకు వెలిసి, అంచుల్లో పెచ్చులు లేచిన పాత రంగు.

తర్వాత ముత్తన్న మాట గుర్తొచ్చింది. వినపడిందని అనను, గుర్తొచ్చిందనే అంటాను. ఉన్ అంటే ఒకటి తక్కువ, తమ్మీ.

ఉన్యాసీ. అస్సీ అంటే ఎనభై. ఎనభైకి ఒకటి తక్కువ. డెబ్బై తొమ్మిది. ఎనభై తొమ్మిదికి నేను చెప్పాల్సింది నవాసీ. పొద్దున్నుంచీ దీదీ చేత డెబ్బై తొమ్మిది వేయించి, నేను ఎనభై తొమ్మిది తలుపు కొడుతున్నాను. ఆవిడ ప్రతిసారీ నిజమే చదివింది. నేనే ప్రతిసారీ తప్పు విన్నాను.

బురదలో జారి పడి, లేచి పరుగెత్తాను. మోకాలు చీరుకుపోయిందని సాయంత్రం దాకా తెలియలేదు. డెబ్బై తొమ్మిది కొట్టాను. ఈ చోటు సురక్షితం కాదని బ్రౌజరు ఒక హెచ్చరిక పెట్టింది. అంత ముద్దొచ్చిన హెచ్చరిక నా ఉద్యోగంలో చూడలేదు. దాటుకుని లోపలికి పోయాను. పేజీ వచ్చింది.

ఎర్ర ఫోన్లను రిసెప్షన్‌కి తిప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. ఆ తర్వాత, ఆ రోజు ఏయే ఫోను ఎప్పుడు ఎత్తారో చూపించే పట్టిక తెరిచాను. వాగు అవతలి పోస్టు నుంచి మూడుసార్లు ఉంది. ఒంటిగంట తర్వాత ఒకసారి, కాసేపటికి ఇంకోసారి, నేను బండి దగ్గరికి పోవడానికి కొంచెం ముందు ఇంకోసారి. మూడూ ముత్తన్న నంబరుకే పోయాయి. మూడిటి ఎదురుగా సమాధానం లేదని రాసి ఉంది.

కూతురి ఊరి నుంచి మూడుసార్లు తండ్రికి ఫోను పోయింది. నేను ఆ తెర వైపు చూసి ఏడ్చాను. వదినకు చెప్పలేదు. ఎవరు ఎత్తారో, ఎందుకెత్తారో కూడా తెలుసుకోకుండానే దీదీకి చెప్పి అంబులెన్సు పంపించమన్నాను. బండి బయలుదేరుతుండగానే నాలుగోసారి ఎర్ర ఫోను ఎత్తారు. ఈసారి రిసెప్షన్‌లో మోగింది. సమ్మక్క భర్త. ఆమెకు మధ్యాహ్నం నుంచి ఒళ్ళు కొంకర్లు పోతోందట.

బండి వాగు దాటేటప్పటికి నీళ్ళు చక్రాల సగం దాకా వచ్చాయని, తిరుగు ప్రయాణంలో ఊరివాళ్ళు తాళ్ళు పట్టుకుని దాటించారని డ్రైవరు తర్వాత చెప్పాడు. ఆ తర్వాత రెండు రోజులు ఆ వాగు ఎవరూ దాటలేదు. సమ్మక్కకు ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. ఇద్దరూ బతికారు. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పింది, అది ఇక్కడ రాయాలని లేదు.

ఇక నా విచారణ.

ముందు కన్నమ్మ వదినను అడిగాను, ఆసుపత్రి వరండాలో. మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆవిడ ఆశ్చర్యపోయింది.

"మాకేం ఎరుక తమ్మీ? ఫోను బొమ్మ గియ్యమన్నం. అంకెలు మేం చెప్పలే. ఫోనన్నంక అంకెలుంటయ్ గదా అనుకున్నం. కొట్టేసి రాసిండేందని మా మరిది తిట్టిండు గూడ."

బొమ్మలు గీసినతన్ని సుక్మా సంతలో పట్టుకున్నాను. నాగళ్ళకు, దుకాణాల తలుపులకు రంగులేసే పెద్దాయన. ఏడాదికి ఇలాంటి రాళ్ళు బోలెడు గీస్తాడు. అయినా దీన్ని మరిచిపోలేదు, తప్పు పోయింది కాబట్టి.

"ఎనభై తొమ్మిది రాయమన్నరు, రాసిన. మళ్ళ తప్పు, తప్పు అన్నరు. ఎనభైకి ఒకటి తక్కువ అన్నరు. ఎనభైకి ఒకటి తక్కువంటే డెబ్బై తొమ్మిదే గదా? కొట్టేసి కింద రాసిన."

"ఎవరన్నారు?"

"వెనక నిలబడి చెప్పిండ్రు. ఊరంతా ఉంది ఆడ. ఇంటోళ్ళే అనుకున్న. గీసేటప్పుడు నేను తల ఎత్తను సార్, గీత పోతది."

ఇంతకన్నా ఏమీ చెప్పలేకపోయాడు. నాకు మాత్రం దీనికి ఒక వివరణ దొరికింది, ఒక నెల రోజులు దాంతోనే బతికాను. నా తీగ కథ ముత్తన్న ఊళ్ళోనూ చెప్పి ఉంటాడు. తెలుగు తమ్ముడు అంకెలు తప్పే కథ అందరికీ తెలిసే ఉంటుంది. పోయినవాడికి ఇష్టమైన వేళాకోళమని ఎవరో సరదాపడి రాయి మీద రాయించి ఉంటారు. బాగుంది కదా?

బాగుంది కానీ అది యాభై తొమ్మిది, అరవై తొమ్మిదిల కథ. డెబ్బై తొమ్మిది, ఎనభై తొమ్మిదిల మాట మా మధ్య ఎన్నడూ రాలేదు. ఊరంతా అడిగాను. కథ తెలిసినవాళ్ళు కూడా తీగ కథే చెప్పారు, అరవై దగ్గరే నవ్వారు.

ఎవరో ఆ తర్వాత వచ్చి రాసి ఉంటారా అనుకున్నాను. రాయి పండగకు సరితా దీదీ పోయింది. అప్పుడే ఫోటో తీసి నాకు పంపింది. నేను దాన్ని పెద్దది చేసి చూడకుండానే దండం బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను. రెండేళ్ళ నాటి ఆ ఫోటో నా ఫోనులో ఇంకా ఉంది. పెద్దది చేశాను. మేకపిల్ల ఒకటి అడ్డంగా ఉంది, దాని తల పక్కన 89, ఎర్ర గీత, కింద 79.

చివరిగా నా నోటుబుక్కు చూశాను. ముత్తన్న పోయేనాటికి ఆ జాబితా అరవై మూడు దగ్గర ఆగింది. అక్కడిదాకా ఆయన చేతిరాతే, ఆ పుస్తకం ఆయన నుంచే నాకు వచ్చింది. ఆ తర్వాత కెమెరాలు, కొత్త టవర్లు, ఎక్స్‌రే కంప్యూటరు, ఒక్కొక్కటీ నేను రాసుకుంటూ వచ్చాను. ఎనభై ఎనిమిదోది పిడుగుకి పది రోజుల ముందు పెట్టిన ప్రింటరు. ఆ ప్రింటరు రెండు వారాలు ఆలస్యంగా వచ్చి ఉంటే, పెట్టెకి ఇంకో అంకె వచ్చేది. నా తప్పు ఏ అంకెల మధ్య పడుతుందో, రెండేళ్ళ ముందు ఆ రాయి దగ్గర నిలబడినవాళ్ళలో ఎవరికి తెలుసు?

ఎన్ని తీగలు లాగినా ఇది కలవడం లేదు. యాదృచ్ఛికమని ఒక స్నేహితుడు తేల్చేశాడు. ఇంకొకరు ఇలా చెప్తే నేనూ అదే అనేవాణ్ణి, ఇంకా గట్టిగా అనేవాణ్ణి.

ఇప్పుడు దీదీకి అంకె చెప్పాలంటే ఏడు, తొమ్మిది అని విడివిడిగా చెప్తాను, సాత్, నౌ అని. ఆవిడా అలాగే తిరిగి చదువుతుంది. పాత కాపీలు ఏ నాటివో పైన రాసి పెడుతున్నాను. పోస్టుల్లో ఎర్ర ఫోన్లను వారానికోసారి ఎత్తించి చూస్తున్నాను.

మొన్న ఎండాకాలంలో రాయికి మళ్ళీ రంగులు వేయించారు. నన్ను పిలిచారు, ఈసారి పోయాను. అదే పెద్దాయన వచ్చాడు. కొట్టేసిన అంకె చూడ్డానికి బాగాలేదు, తీసేద్దామా అని కన్నమ్మ వదిన నన్ను అడిగింది.

"ఉండనీ వదినా, అట్లనే ఉండనీ" అన్నాను.

అంకెల దగ్గరికి వచ్చేసరికి ఊరివాళ్ళు అన్నాలకు పోయారు. పెద్దాయన తల ఎత్తకుండా 89 రాశాడు, ఎర్ర గీత కొట్టాడు, కింద 79 దిద్దాడు. ఆయన వెనక నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను. నేనేమీ మాట్లాడలేదు. ఇంకెవరూ మాట్లాడలేదు. అన్నానికి రమ్మని రెండుసార్లు కేకేశారు. అయినా రంగు ఆరేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేదు, చెవులు రిక్కించుకుని అలాగే నిలబడ్డాను.